బ్రేక్ క్యాలిపర్ శబ్దాలు: అపోహలు – వాస్తవాలు

బ్రేకుల శబ్దం ఫిర్యాదుతో నా దగ్గరకు వచ్చే కార్లలో చాలావాటికి అసలు కారణం దొరకకముందే రెండు మూడు సామాన్లు మారిపోయి ఉంటాయి. ప్యాడ్లు కొత్తవి వేసి ఉంటారు, డిస్కులు కొత్తవి వేసి ఉంటారు, ఒక్కోసారి సస్పెన్షన్ లింక్ రాడ్లు కూడా కొత్తవే ఉంటాయి; శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. క్యాలిపర్ అంటే ప్యాడ్లను నొక్కే ఇనుప భాగం మాత్రమే అనుకోవడం వల్ల ఈ ఖర్చంతా అవుతోందని నా అభిప్రాయం. క్యాలిపర్ కదలవలసిన చోట సాఫీగా కదలాలి, కదలకూడని చోట కొంచెం కూడా వదులుగా ఉండకూడదు. ఈ రెండింటిలో ఏది తప్పినా అది చప్పుడు చేస్తుంది. కాబట్టి శబ్దం ఎంత గట్టిగా ఉందన్న దానికన్నా, అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతోందన్నది ముఖ్యం. ఈ వ్యాసంలో చెప్పేది ఎక్కువ కార్లలో ఉండే ఫ్లోటింగ్ క్యాలిపర్ గురించి, అంటే ఒకవైపు మాత్రమే పిస్టన్ ఉండి, రెండు పిన్‌ల మీద జారుతూ అవతలి ప్యాడ్‌ను డిస్కు మీదికి లాక్కునే రకం గురించి.

అపోహ: బ్రేకు కీచుమంటే ప్యాడ్లు అరిగిపోయినట్టే.

వాస్తవం: కీచుమనే శబ్దం కంపనం వల్ల పుడుతుంది; అరుగుదల దానికి ఉన్న అనేక కారణాల్లో ఒకటి మాత్రమే. ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య రాపిడి నిలకడగా లేక, ప్యాడ్, డిస్కు, క్యాలిపర్ మూడూ కలిసి సెకనుకు వెయ్యి సార్లకు పైగా కంపించినప్పుడు ఆ సన్నని కీచు వినిపిస్తుంది. డిస్కు బ్రేకుకు ఈ బాధ పుట్టుకతోనే వచ్చింది. 1902లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేటెంటు పొందిన డిస్కు బ్రేకులో రాగి లైనింగులు వాడగా, లోహం మీద లోహం రాసుకుని విపరీతమైన శబ్దం వచ్చేది. కొన్నేళ్ల తర్వాత హెర్బర్ట్ ఫ్రూడ్ ఆస్‌బెస్టాస్ లైనింగులతో ఆ శబ్దాన్ని తగ్గించారు. ఆ పదార్థం ఊపిరితిత్తులకు ప్రమాదకరమని తేలాక చాలా దేశాల్లో దానిని మానివేశారు గాని, కంపనాన్ని అణచడమనే పని ఇప్పటికీ అలాగే ఉంది. ప్యాడ్ వెనుక అతికించే షిమ్‌లు అనే పలచని రేకులు, ప్యాడ్ అంచుల్లో ఏటవాలుగా కోసిన కోతలు ఈ పని కోసమే ఉన్నాయి.

అరుగుదలను తెలిపే శబ్దం వేరుగా ఉంటుంది. చాలా ప్యాడ్లకు ఒక చిన్న స్ప్రింగు రేకు ఉంటుంది; ప్యాడ్ మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లకు పడిపోయినప్పుడు అది డిస్కును తాకి, చక్రం తిరిగే వేగానికి తగ్గట్టు కిచకిచమంటుంది. దానినీ పట్టించుకోకపోతే చివరికి ఇనుప పలక డిస్కును గీరుతూ గరగరమంటుంది. ఆ గరగర వినిపించిన బండిని ఇక నడపకూడదు.

అపోహ: గతుకుల్లో లొడలొడ శబ్దం వస్తే అది సస్పెన్షన్‌దే.

వాస్తవం: ఇది తేల్చడానికి పరికరాలేవీ అక్కర్లేదు. శబ్దం వచ్చే గతుకుల మీద నెమ్మదిగా వెళుతూ, వేగం తగ్గీ తగ్గనంతగా బ్రేక్ పెడల్‌ను కాలితో తాకి ఉంచాలి. లొడలొడ ఆ క్షణంలోనే ఆగిపోయి, కాలు తీయగానే మళ్లీ మొదలైతే, వదులుగా ఉన్నది ప్యాడో క్యాలిపరో అని దాదాపు ఖాయం, ఎందుకంటే ఆ కొద్దిపాటి ఒత్తిడికి అవి డిస్కుకు అదిమిపట్టుకుని కదలడం మానేస్తాయి. పెడల్ తాకినా శబ్దంలో మార్పు లేకపోతే అప్పుడు లింక్ రాడ్లూ సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లూ చూడవచ్చు.

ముందు చక్రం దగ్గర లొడలొడమంటోందని ఒక కారు వచ్చింది. అప్పటికే వేరే చోట లింక్ రాడ్లు రెండుసార్లు మార్చారు. పెడల్ మీద కాలు ఆనించగానే శబ్దం ఆగింది. చక్రం విప్పి క్యాలిపర్‌ను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే టక్ టక్ మని స్పష్టంగా తగిలింది. రెండు పిన్‌లూ బయటకు తీసి చూస్తే, ఒకటి పూర్తిగా నున్నటి ఉక్కు పిన్, రెండోది చివర చిన్న రబ్బరు తొడుగు ఉన్న పిన్. చాలా కార్లలో ఇలా ఒక పిన్‌కే తొడుగు ఉంటుంది, అది రంధ్రంలో పిన్ కొట్టుకోకుండా చూస్తుంది. తొడుగు ఉన్న ఆ పిన్ పై రంధ్రంలో ఉండాలా కింది రంధ్రంలో ఉండాలా అన్నది కారు మోడల్‌ను బట్టి ఉంటుంది. ఇక్కడ ఎవరో విప్పి బిగించేటప్పుడు రెండింటినీ తారుమారు చేశారు. నున్నటి పిన్ ఒక పక్కన మాత్రమే అద్దంలా మెరుస్తోంది, అంటే నెలల తరబడి అది రంధ్రం గోడకు కొట్టుకుంటోంది. పిన్‌లను వాటి స్థానాల్లో పెట్టి, అరిగిన తొడుగు మార్చగానే చప్పుడు పోయింది. ఆ రోజు నుంచి మొదటి పిన్ విప్పడానికి ముందే ఫోటో తీసుకోవడం అలవాటు చేసుకున్నాను, నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు కూడా అదే చెబుతాను.

గేరు ముందుకూ రివర్సుకూ మారిన తర్వాత మొదటిసారి బ్రేకు తొక్కితే ‘టక్’ మని ఒక్కసారి చిన్నగా వినిపించడం చాలా కార్లలో సహజమే. ప్యాడ్ తనను పట్టి ఉంచే చట్రంలో, అంటే బ్రాకెట్‌లో, ఒక అంచు నుంచి రెండో అంచుకు జరగడం వల్ల అది వస్తుంది. ఆ శబ్దం కొత్తగా మొదలైనా, పెద్దదైనా, ప్రతి బ్రేకుకూ వస్తున్నా, బ్రాకెట్ బోల్టులను బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో సరిచూడాలి. చాలా కార్లలో ఇవి సుమారు 80 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య, సన్నని పిన్ బోల్టులు సుమారు 25 నుంచి 35 మధ్య ఉంటాయి, అయితే ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లోని అంకెనే పాటించాలి. వదులైన బ్రాకెట్ బోల్టు వల్ల క్యాలిపర్ ఊడి చక్రానికి అడ్డుపడే ప్రమాదం కూడా ఉంటుంది.

అపోహ: కొత్త ప్యాడ్లు వేస్తే శబ్దం పోతుంది.

వాస్తవం: ప్యాడ్ కూర్చునే చోటు బాగాలేకపోతే కొత్త ప్యాడ్ కూడా కొన్నాళ్లకు అదే శబ్దం చేస్తుంది. ప్యాడ్ పలక రెండు చివర్లా ఉండే చెవులు బ్రాకెట్‌లోని స్టీలు క్లిప్పుల మీద జారాలి. ఆ క్లిప్పుల కింద బ్రాకెట్‌కు తుప్పు పడితే, పొరలు పొరలుగా ఉబ్బిన తుప్పు క్లిప్పును పైకి నెడుతుంది, దాంతో ప్యాడ్ బిగుసుకుపోతుంది. బయట నుంచి చూస్తే క్లిప్పు శుభ్రంగానే కనబడుతుంది కనుక చాలామంది దానిని తీసి చూడరు. కొత్త ప్యాడ్ పట్టకపోతే సుత్తితో తట్టి లోపలికి దింపుతారు, లేదంటే ప్యాడ్ చెవులనే ఆకురాయితో అరగదీస్తారు. సుత్తితో దించిన ప్యాడ్ బ్రేకు వదిలినా వెనక్కి రాదు, డిస్కును రాసుకుంటూ వేడెక్కి కీచుమంటుంది. చెవులు అరగదీసిన ప్యాడ్‌కు తుప్పు ఇంకా ఉబ్బేదాకా మాత్రమే జారే వీలుంటుంది.

క్లిప్పులు ఊడదీసి, బ్రాకెట్ మీద అవి కూర్చునే తలాన్ని వైరు బ్రష్‌తో లోహం కనబడేదాకా రుద్ది, బ్రేక్ క్లీనర్‌తో కడిగి, కొత్త క్లిప్పులు వేయడమే సరైన పద్ధతి. ఆ ధూళిని గాలి గొట్టంతో ఊదకూడదు, అది నేరుగా మన ఊపిరితిత్తుల్లోకే వెళుతుంది. అన్నీ సరిగ్గా కుదిరితే కొత్త ప్యాడ్ వేలితో నెడితే జారుతుంది, కానీ పైకీ కిందికీ ఊపితే కదలదు.

విప్పిన పాత ప్యాడ్లను చూడకుండా పారేయవద్దు, అవి చాలా విషయాలు చెబుతాయి. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది మందంగా మిగిలితే సాధారణంగా పిన్‌లు పట్టేశాయి, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఒకే ప్యాడ్ ఒక చివర పలచగా, మరో చివర మందంగా ఉంటే ఒక పిన్ పట్టేసి క్యాలిపర్ వంకరగా నొక్కుతోందని మొదట అనుమానించాలి.

అపోహ: ఏ గ్రీజైనా గ్రీజే, ఎంత ఎక్కువ పెడితే అంత మంచిది.

వాస్తవం: క్యాలిపర్ పనిలో నేను చూసే నష్టాల్లో ఎక్కువ భాగం ఈ అపోహ వల్లే జరుగుతోంది. క్యాలిపర్ సీళ్లు, పిన్‌ల రబ్బరు బూట్లు, తొడుగులు చాలావరకు ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో తయారవుతాయి. గ్లైకాల్ ఆధారిత బ్రేక్ ఆయిల్‌ను అది తట్టుకుంటుంది కానీ, పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. చక్రాల బేరింగులకు వాడే మామూలు గ్రీజు పూసిన పిన్ మొదటి వారాల్లో చక్కగానే జారుతుంది. తర్వాత తొడుగు ఉబ్బి రంధ్రం నిండా బిగుసుకుంటుంది. అలాంటి పిన్‌ను లాగితే సీసా నుంచి బిరడా ఊడినట్టు ‘టప్’ మని వస్తుంది, తొడుగును వేళ్ల మధ్య నొక్కితే నానిన రబ్బరులా జిగటగా తగులుతుంది. అక్కడ మళ్లీ గ్రీజు పెట్టి లాభం లేదు, రబ్బరు భాగాలన్నీ మార్చి, పాత గ్రీజు ఆనవాలు లేకుండా రంధ్రాన్ని శుభ్రం చేసి, క్యాలిపర్ పిన్‌ల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు పెట్టాలి.

పరిమాణం విషయానికి వస్తే, పిన్ చుట్టూ పలచని పొర సరిపోతుంది. రంధ్రం నిండా గ్రీజు కూరితే, పిన్ లోపలికి వెళ్లేటప్పుడు గాలికీ గ్రీజుకూ దారి లేక అవి స్ప్రింగులా వెనక్కి తన్నుతాయి, క్యాలిపర్ తన స్థానంలో నిలవదు. ప్యాడ్ చెవులకూ, పలక వెనుక పిస్టన్ తాకే చోటుకూ వేడిని తట్టుకునే బ్రేక్ లూబ్రికెంట్ గోటితో గీసినంత చాలు. ప్యాడ్ ముఖానికి గానీ డిస్కుకు గానీ ఏ జిడ్డూ అంటకూడదు. శబ్దం పోవడానికి డిస్కు మీద నూనె చల్లినవాళ్లు కూడా నాకు తెలుసు. అది ప్రాణాలతో చెలగాటం, నూనె పీల్చుకున్న ప్యాడ్లను పారేయవలసిందే.

అపోహ: వానపడిన మరునాటి ఉదయం గరగరమంటే బ్రేకులు పాడైనట్టే.

వాస్తవం: డిస్కు పోత ఇనుము, రాత్రి తడికి దాని మీద పలచని తుప్పు పడుతుంది. మొదటి కొన్ని బ్రేకులకు అది రాలిపోతుంది. పది నిమిషాల తర్వాత కూడా శబ్దం ఉంటేనే చూపించండి.

అపోహ: క్యాలిపర్ పట్టేస్తే మొత్తం మార్చాలి.

వాస్తవం: పట్టేసింది క్యాలిపరేనా అని ముందు తేల్చుకోవాలి. బ్రేకు వదిలాక పిస్టన్‌ను వెనక్కి లాగేది దాని చుట్టూ ఉండే చతురస్రపు కోత సీలు. ఒత్తిడి వచ్చినప్పుడు అది కొద్దిగా మెలిపడి, ఒత్తిడి పోగానే పూర్వస్థితికి వస్తూ పిస్టన్‌ను మిల్లీమీటరులో కొద్ది భాగం వెనక్కి తెస్తుంది. ఆయిల్ వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతే ఎంత మంచి సీలూ ఆ పని చేయలేదు. చక్రం జాక్ మీద, స్టాండు దన్నుతో ఉండగా, బిగుసుకున్న చక్రం, క్యాలిపర్ నుంచి ఆయిల్‌ను బయటకు వదిలే బ్లీడర్ నిపుల్ కొద్దిగా విప్పగానే స్వేచ్ఛగా తిరిగితే, లోపల ఒత్తిడి చిక్కుకుపోయిందని అర్థం. లోపల పొర ఉబ్బిన రబ్బరు హోసు గానీ, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ గానీ దానికి కారణం కావచ్చు. నిపుల్ విప్పినా చక్రం తిరగకపోతేనే లోపం పిస్టన్‌లోనో పిన్‌లలోనో ఉంది.

పిస్టన్ తీసి చూసినప్పుడు పైన క్రోమ్ పూత చెక్కుచెదరకుండా ఉంటే సీలు, దుమ్ము బూటు ఉన్న రిపేర్ కిట్ సరిపోతుంది. గోటికి తగిలే గుంటలు సీలు కూర్చునే భాగంలో ఉంటే పిస్టన్ మార్చాలి, సిలిండర్ గోడ కూడా తినేసి ఉంటే అప్పుడు మొత్తం క్యాలిపర్ మార్చాలి. ఈ తుప్పులో కొంత లోపలి నుంచే వస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌కు నిర్దేశించిన కనీస మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ కాగా, తేమ చేరాక 155 డిగ్రీలు. అందుకే సుమారు రెండేళ్లకు ఒకసారి దానిని మార్చమంటారు.

అపోహ: పిస్టన్‌ను క్లాంపుతో వెనక్కి నొక్కితే ఏ కారుకైనా సరిపోతుంది.

వాస్తవం: ముందు చక్రాలకు చాలావరకు సరిపోతుంది. వెనుక క్యాలిపర్‌లోనే హ్యాండ్ బ్రేక్ యంత్రాంగం ఉన్న కార్లలో పిస్టన్‌ను తిప్పుతూ నెట్టాలి, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉంటే ముందుగా దానిని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. బలవంతంగా నొక్కితే లోపలి మర విరుగుతుంది. విప్పిన క్యాలిపర్‌ను హోసుకు వేలాడదీయకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టి ఉంచండి.

అన్నీ బిగించాక బండి కదిల్చే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు నెమ్మదిగా తొక్కాలి, ఎందుకంటే వెనక్కి నెట్టిన పిస్టన్ ప్యాడ్‌ను చేరేదాకా బ్రేకు ఉండదు. కొత్త ప్యాడ్లయితే ఖాళీ దారిలో 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 వరకు, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పది పదిహేను సార్లు మితంగా బ్రేకు వేస్తే ప్యాడ్ పదార్థం డిస్కు అంతటా సమంగా పరుచుకుంటుంది. ఆ తర్వాత శబ్దం వచ్చిన గతుకుల మీదికే మళ్లీ తీసుకువెళ్లి వినాలి. తిరిగి వచ్చాక చక్రాలను తాకకుండా దగ్గరగా అరచేయి పెట్టి, కుడి ఎడమ చక్రాల వేడిని పోల్చి చూడాలి. ఒకటి స్పష్టంగా ఎక్కువ వేడిగా ఉంటే ఆ క్యాలిపర్‌ను మళ్లీ విప్పవలసిందే.