కుంభకోణం తర్వాత ఒక పేపర్: హైదరాబాద్ బీస్కూళ్లలో 'బాధ్యత' కథ

హైదరాబాద్‌లో ఎంబీఏ చేసినవాళ్లను వ్యాపార నీతి పేపర్ గురించి అడిగితే ముందు నవ్వుతారు. "అది స్కోరింగ్ సబ్జెక్ట్ అండీ" అంటారు. నేను కూడా ఒక కాలేజీలో రెండు సెమిస్టర్లు గెస్ట్ ఫ్యాకల్టీగా ఆ పేపరే చెప్పాను. మొదటిరోజు వెనక బెంచీ నుంచి వచ్చిన తొలి ప్రశ్న: "సార్, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఎప్పుడిస్తారు?" తప్పు పిల్లలది కాదు. ఆ పేపర్‌కు టైంటేబుల్లో దక్కింది శనివారం మధ్యాహ్నం చివరి పీరియడ్. ఫైనాన్స్‌కేమో రోజూ పొద్దున్నే మొదటి పీరియడ్.

ఆ శనివారం పీరియడ్ వెనక చాలా కథ ఉంది. అందులో సగం మన ఊళ్లోనే జరిగింది.

నగరంలో మేనేజ్‌మెంట్ చదువు ఐఐఎంల కంటే ముందే మొదలైంది. ఒకప్పుడు బేరార్ యువరాజు నివాసమైన బెల్లావిస్టా ప్యాలెస్‌లో 1956లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. మాజీ సైన్యాధిపతి జనరల్ శ్రీనగేశ్ దానికి ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. అక్కడికి వచ్చేది కుర్రాళ్లు కాదు, అప్పటికే కుర్చీల్లో ఉన్న అధికారులు, మేనేజర్లు. 1964లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ వచ్చింది. పేరులోనే ఉంది, అది ప్రభుత్వరంగ సంస్థల కాలం. సామాజిక బాధ్యత అంటే ప్రత్యేకంగా పాఠం చెప్పుకోవాల్సిన పని లేదనుకున్నారు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో చేరితే క్వార్టర్, పిల్లలకు బడి, ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రి. బాధ్యత అంటే టౌన్‌షిప్ అన్నమాట. అదేం చిన్న విషయం కాదు, ఆ క్వార్టర్లలో పెరిగినవాళ్లు ఇప్పటికీ ఆ రోజుల్ని తలుచుకుంటారు. కానీ కాంపౌండ్ గోడ అవతల వాగులోకి ఏం పోతోందన్న ప్రశ్న ఆ బాధ్యతలో లేదు.

గోడ అవతల ఏం జరిగిందో తెలియాలంటే ముంబై హైవే మీద పటాన్‌చెరు వెళ్లాలి. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లలో చాలామంది తర్వాత సొంతంగా బల్క్ డ్రగ్ కంపెనీలు, అంటే మందుల ముడిసరుకు తయారుచేసేవి, పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి వాళ్లలో ఒకరు. హైదరాబాద్‌కు మందుల రాజధాని అన్న పేరు అక్కణ్నుంచే వచ్చింది. పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్లల్లో ఫ్యాక్టరీలు లేచాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీరకు చేరాయి. బావులు, బోర్లు పాడయ్యాయి, పొలాలు బీళ్లయ్యాయి. స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్లు ఊళ్లను కూడగట్టి ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసు ఎన్ని కోర్టులు తిరిగిందో చెప్పాలంటే అదో పెద్ద కథ.

అప్పటికి భోపాల్ దుర్ఘటన జరిగి ఆరేళ్లు. 1984 డిసెంబర్‌లో జరిగిన ఆ ఘోరం తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. చట్టం వచ్చింది గానీ మేనేజ్‌మెంట్ క్లాసుకు పెద్దగా పాకలేదు. పర్యావరణ లాయర్ ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం పుణ్యమా అని తర్వాతి దశాబ్దంలో డిగ్రీ పిల్లలందరికీ పర్యావరణ విద్య తప్పనిసరైంది. అదీ పాసైతే చాలన్న పేపరే.

2001 డిసెంబర్‌లో ప్రధాని వాజ్‌పేయి గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ)ని ప్రారంభించారు. కెలాగ్, వార్టన్, లండన్ బిజినెస్ స్కూల్ సహకారంతో వచ్చిన ఆ సంస్థకు వ్యవస్థాపక డీన్ సుమంత్ర ఘోషాల్. ఈ కథలో నన్ను బాగా ఆలోచింపజేసిన మనిషి ఆయనే. 2004లో ఆయన చనిపోయారు, మరుసటి ఏడు ఆయన రాసిన ఒక వ్యాసం అచ్చయింది. మనిషి స్వార్థపరుడే, మేనేజర్ పని వాటాదారుడి జేబు నింపడమే అని సిద్ధాంతాలు కట్టి బోధించి, విద్యార్థుల భుజాల మీంచి నైతిక బాధ్యతను బిజినెస్ స్కూళ్లే దించేశాయన్నది ఆయన వాదన. నీతికి వేరే కోర్సు పెడితే సరిపోదు, ముందు మిగతా పేపర్లలో చెబుతున్నదాన్ని ఆపాలి అన్న దాకా వెళ్లారు. అప్పటి కుదుపు అమెరికాలో దొంగలెక్కలతో కూలిన ఎన్రాన్ కంపెనీది. మన వంతు ఇంకా రాలేదు.

2007 జులైలో జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఛత్రం కింద బాధ్యతాయుత మేనేజ్‌మెంట్ విద్యకు ఆరు సూత్రాలు ప్రకటించారు. దాని పొట్టి పేరు ప్రైమ్. ప్రపంచమంతటా వందల బిజినెస్ స్కూళ్లు తర్వాత సంతకాలు చేశాయి. సరిగ్గా అదే ఏడాది స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు నీళ్ల గురించి ఒక వ్యాసం వెలువరించారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎక్కువ. అదీ శుద్ధి అయ్యాక! యాంటీబయాటిక్‌కు లొంగని సూక్ష్మజీవుల గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఆ అంకెను చెబుతారు. అక్కణ్నుంచి గచ్చిబౌలికి ఔటర్ రింగ్ రోడ్డు మీద కారులో అరగంట.

ఇక సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నారు. అంతకు కొన్ని నెలల ముందే కార్పొరేట్ గవర్నెన్స్‌కు, అంటే కంపెనీని సక్రమంగా నడిపినందుకు, ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు ఆ కంపెనీకి దక్కింది, తర్వాత వెనక్కి తీసుకున్నారు. బోర్డులో స్వతంత్ర డైరెక్టర్లుగా ఇద్దరు పెద్ద ప్రొఫెసర్లు ఉండేవారు, హార్వర్డ్ నుంచి కృష్ణ పాలెపు, ఐఎస్‌బీ డీన్ ఎం. రామ్మోహన్‌రావు. రాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపించబోయిన గొడవ తర్వాత ఇద్దరూ బోర్డు నుంచి తప్పుకున్నారు. ఉత్తరం బయటికొచ్చాక రామ్మోహన్‌రావు డీన్ పదవినీ వదులుకున్నారు. కేసులో వాళ్లు నిందితులు కారు. అయినా గవర్నెన్స్ పాఠం చెప్పేవాళ్లే ఆ బల్ల చుట్టూ కూర్చున్నారన్న మాట ఊరంతా అనుకుంది.

సత్యంలో నాకు అంతకంటే చిక్కుగా తోచేది వేరే ఉంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ ఆ రామలింగరాజు ఆలోచనే. ఆయన కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ పల్లెల్లో తాగునీటి ప్లాంట్లు పెట్టింది. 108 వల్ల బతికినవాళ్లు మన ఇళ్లలోనే ఉంటారు, ఆ మంచి అబద్ధం కాదు. దొంగలెక్కలూ అబద్ధం కావు, 2015లో కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది. ఒకే మనిషి, ఒకే కాలం. క్లాసులో ఇది చెప్పినప్పుడు మాత్రం ఎవరూ ఇంపార్టెంట్ క్వశ్చన్స్ అడగలేదు. "అంటే సార్, ఆయన మంచోడా, చెడ్డోడా?" అన్నాడొకడు. నా దగ్గర ఒక్క మాటలో జవాబు లేదు.

సత్యం బయటపడ్డ మరుసటి ఏడు ఇంకో దెబ్బ. పేదలకు అప్పులిస్తూనే లాభాలు తీయొచ్చని బిజినెస్ స్కూళ్లు మెచ్చుకున్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ మన నగరానిదే. 2010 జులై చివర్లో ఐపీవోకు, అంటే తొలిసారి జనానికి షేర్లు అమ్మడానికి, వచ్చింది, జనం ఎగబడి కొన్నారు. అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం కిస్తీల ఒత్తిడి, వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు అప్పటికే పేపర్ల నిండా ఉన్నాయి. ఇది చాలదన్నట్టు ఐఎస్‌బీ స్థాపనలో ముందు నిలిచి, 2011 దాకా ఛైర్మన్‌గా ఉన్న రజత్ గుప్తాను 2012లో న్యూయార్క్ కోర్టు ఇన్‌సైడర్ ట్రేడింగ్ (కంపెనీ లోపలి రహస్య సమాచారంతో షేర్ల వ్యాపారం) కేసులో దోషిగా తేల్చింది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, ఈ దెబ్బల తర్వాతే నీతి, గవర్నెన్స్ పేపర్లకు గిరాకీ పెరిగింది. 2013 కంపెనీల చట్టం దానికి ఇంకో మలుపు ఇచ్చింది. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి దాటినా మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం కార్పొరేట్ సామాజిక బాధ్యతకు (సీఎస్ఆర్) ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమలు. దాంతో కంపెనీల్లో సీఎస్ఆర్ ఉద్యోగాలు, కాలేజీల్లో సీఎస్ఆర్ పాఠాలు వచ్చాయి. మా కాలేజీలో 'ప్రాక్టికల్' అంటే సర్కారు బడికి వెళ్లి నోటుబుక్కులు పంచి బ్యానర్‌తో ఫొటో దిగడం.

ఆ చట్టంలో ఒక మెలిక ఉంది. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే ఖర్చు, వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన ఖర్చు సీఎస్ఆర్ కిందికి రావు. అంటే పటాన్‌చెరు కంపెనీ తన వ్యర్థజలాలను బాగుచేసుకోవడం సీఎస్ఆర్ కాదు, పక్క ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టడం సీఎస్ఆర్. చట్టంగా అది సబబే. చట్టం అడగాల్సిన పనిని దానం అని చూపించుకోనివ్వకూడదు కదా. కానీ పాఠంగా మారేసరికి తేడా కొట్టింది. బాధ్యత అంటే లాభం వచ్చాక దాన్ని ఎలా పంచాలన్నది అన్నట్టు పిల్లల బుర్రల్లో స్థిరపడింది. ఆ లాభం ఎలా వచ్చిందన్నది ఫైనాన్స్, ఆపరేషన్స్ క్లాసుల్లోనే ఉండిపోయింది. ఆ పుస్తకాల్లో నక్కవాగు లేదు. ఘోషాల్ గొడవపడింది దీని గురించే.

ఈ మధ్య గాలి కొంచెం మారింది, అదీ కాలేజీల వల్ల కాదు, స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వల్ల. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలి. ఎంత నీరు తోడారు, ఎంత వదిలారు, కార్మికులకు ఎన్ని ప్రమాదాలు, ఆడవాళ్ల జీతమెంత, మగవాళ్ల జీతమెంత, అన్నీ అంకెల్లో. ఆ అంకెలు పోగేసే పని ఇప్పుడు హైటెక్ సిటీ కన్సల్టింగ్ ఆఫీసుల్లో ఒక ఉద్యోగం. అందుకే ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, గవర్నెన్స్) పేరు వింటే పిల్లలు ఇప్పుడు లేచి కూర్చుంటున్నారు. ప్లేస్‌మెంట్ ఉన్నచోట శ్రద్ధ ఉంటుంది, తప్పుపట్టడానికేం లేదు.

అయితే ఐసెట్ రాసి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివే మా పిల్లల్లో ఎక్కువమంది ఆ ఆఫీసులకు వెళ్లరు. జీడిమెట్లలోనో బొల్లారంలోనో ఏ లిస్టూ లేని చిన్న యూనిట్‌లో పర్చేజ్ విభాగంలోనో అకౌంట్స్‌లోనో చేరతారు. బీఆర్‌ఎస్‌ఆర్ ఫారం అక్కడికి రాదు. అక్కడికి వచ్చేది వ్యర్థజలాల ట్యాంకర్ కాంట్రాక్టర్ కొటేషన్. ట్యాంకర్ ట్రీట్‌మెంట్ ప్లాంటు దాకా వెళితే ఒక రేటు. మధ్యదారిలో ఎక్కడో ఖాళీ అయితే అంతకన్నా తక్కువ రేటు. ఆ కాగితం మీద సంతకం పెట్టేది మా వెనక బెంచీ కుర్రాడే.