కయ్యలు పూడ్చిన చోట ఇల్లు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో ఇళ్లకు, చిన్న అపార్టుమెంట్లకు స్ట్రక్చరల్ డిజైన్ చేయడం నా పని. ఊరు పొదలకూరు రోడ్డు వైపు, చింతారెడ్డిపాళెం వైపు, కనుపర్తిపాడు వైపు, పెన్నా అవతల కోవూరు వైపు పెరుగుతూనే ఉంది. పెరిగే చోట చాలావరకు ఒకప్పటి మాగాణే. నాట్లు వేసిన కయ్యల మీద గ్రావెల్ తోలి, రాళ్లు పాతి, అంకణాల (అంకణం అంటే 72 చదరపు అడుగులు) లెక్కన అమ్ముతున్నారు. కొనేవాళ్లకు జాగ్రత్త లేదని నేను అనను. అయితే ఆ జాగ్రత్తంతా సిమెంటు బ్రాండు మీద, స్టీలు బ్రాండు మీద, టైల్స్ మీద పెడుతున్నారు. ఇంటిని నిజంగా దెబ్బతీసేవి ఎక్కువగా నేల కింద ఉంటాయి, లేదంటే నీళ్లతో వస్తాయి. ఇల్లు కట్టాలని వచ్చేవాళ్ల నోట నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: "గ్రావెల్ తోలి మూడేళ్లయింది సార్, నేల గట్టిపడిపోయింది."

వాస్తవం: గట్టిపడేది పై పొర ఒక్కటే. మట్టి నింపితే 15–20 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, నీళ్లు చల్లి, ప్రతి పొర మీదా రోలర్ తిప్పాలి. లేఅవుట్లలో రోలర్ తిరిగేది రోడ్ల మీదే. ప్లాట్లలో లారీ ఎత్తిపోసిన మట్టిని జేసీబీతో చదును చేసి వదిలేస్తారు. దాని కింద పాత కయ్య మట్టి మెత్తటి బంక. పైన పోసిన మట్టి బరువుకే అది ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కుంగుతుంది. మూడేళ్లకు ఆగిపోవాలని లెక్కేమీ లేదు.

అందుకే ఫుటింగ్, అంటే పిల్లరు కింద వేసే పునాది దిమ్మ, తోలిన మట్టిని దాటి, ఆ మెత్తటి పొరనూ దాటి, అసలైన గట్టి నేల మీద కూర్చోవాలి. "అయిదడుగుల గుంత తీశాం" అని మేస్త్రి ధీమాగా చెబుతాడు. నాలుగడుగులు తోలిన మట్టే అయితే, అసలు నేలలోకి దిగింది ఒక్క అడుగు. లోతు ఎప్పుడూ పాత నేల మట్టం నుంచి కొలవాలి, ఇప్పుడు కాలు పెట్టి నిలబడ్డ చోటు నుంచి కాదు.

ఈ తప్పు ముందుగా బయటపడేది మెట్ల దగ్గర, పోర్టికో దగ్గర, కాంపౌండు గోడ దగ్గర. పిల్లర్లను కాస్త లోతుకు దింపినా వీటిని తోలిన మట్టి మీదే కట్టేస్తారు కాబట్టి ఇంటి నుంచి విడిపోతాయి. తర్వాత గదుల్లో ఫ్లోరింగ్ కుంగి, టైల్స్ కింద డొల్ల శబ్దం వస్తుంది. ఇవి చూడ్డానికి బాగోవు కానీ ఇల్లు కూలే ప్రమాదం కాదు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకంత సన్నగా వల లాగా వచ్చే పగుళ్లకూ టెన్షన్ పడక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, గోడకు రెండు వైపులా కనిపిస్తూ, నెలనెలా వెడల్పయ్యే పగులు వస్తే మాత్రం వెంటనే ఇంజినీరును పిలవండి. పుట్టీ పెట్టి రంగు వేయించకండి.

సాయిల్ టెస్ట్ అంటే "మేడకి కూడానా?" అంటారు. కావాలి. పెన్నా ఒండ్రు నేలల్లో ఒకచోట ఇసుక తగులుతుంది, పక్క ప్లాటులోనే బంక తగులుతుంది. పక్కింటివాళ్ల రిపోర్టు మీ ఇంటికి సరిపోదు. ఇంటి మొత్తం ఖర్చులో ఆ టెస్టు చాలా చిన్న వాటా.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో సంగతి వేరు. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. నవంబరులో బిగుసుకుపోయిన తలుపు మేలో వదులైతే అందులో చెక్క తప్పు కొంతే, కింద నేల కదలిక కూడా ఉండవచ్చు. అలాంటి చోట తేమ మారని లోతుకు పునాది వెళ్లాలి. నేలలోకి స్తంభాల్లా దించి, అడుగున ఉబ్బెత్తుగా తవ్వే అండర్ రీమ్డ్ పైల్స్ అందుకోసమే వచ్చాయి. లోతైన రేగడిలో వాటి పొడవు కనీసం మూడున్నర మీటర్లు ఉండాలని మన ఐఎస్ కోడ్ (భారత ప్రమాణాల నిబంధనలు) చెబుతుంది.

అపోహ: "రోడ్డు కన్నా మూడడుగులు లేపితే మన ఇంట్లోకి నీళ్లు రావు."

వాస్తవం: మీ ఇంట్లోకి రాకపోవచ్చు, మీ వీధిలోనే నిలుస్తాయి. తర్వాత కట్టేవాళ్లు నాలుగడుగులు లేపుతారు. పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తారు. పదేళ్లలో మొదట కట్టుకున్నవాళ్ల ఇల్లు పల్లమవుతుంది. ఈ పోటీలో డ్రైన్ మాత్రం లేవదు.

మాగాణి అంటేనే నీళ్లు పారడానికి ఏర్పాటు చేసిన నేల. కాలువ నుంచి పిల్లకాలువ, దాన్నుంచి కయ్య, కయ్య నుంచి కింది కయ్య, చివరికి మురుగుకాలువ లేదా చెరువు. మన పెద్దలు అంగుళం అంగుళం వాలు చూసి ఈ దారి కట్టారు. లేఅవుట్ వేసేవాళ్లు మొదట చేసేది ఆ పిల్లకాలువను పూడ్చడం. అది చాలా తప్పు. అమ్మేవాళ్లకు కలిసొచ్చేది కొన్ని అంకణాలే, దాని ఫలితం మాత్రం కొన్నవాళ్లు తరతరాలు పడాలి. ఊళ్లోనే సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువల వెంట ఆక్రమణలు ఎంత ఇబ్బంది తెచ్చిపెట్టాయో నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు.

మన జిల్లాకు ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. ప్లాట్లు చూపించేది మాత్రం ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు ఏ కయ్యైనా ఆటస్థలంలాగే కనిపిస్తుంది. 2015 నవంబరు వానలు చూశాం. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది మట్టికట్టే కొట్టుకుపోయింది. కొనాలనుకున్న ప్లాటును ఒక్కసారైనా కార్తీక మాసంలో, గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. ఆ పక్కన ఇంకా సేద్యం చేస్తున్న రైతును అడగండి: "అన్నా, చెరువు నిండి కలుజు పారితే నీళ్లు ఎటు పోతాయి?" ఆ ఒక్క మాటకు వచ్చే జవాబు బ్రోచర్లో దొరకదు. సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) తీసుకుని కాలువ, వాగు గీతలు ఎక్కడున్నాయో చూడండి. చివరగా కాలనీ డ్రైన్ వెంట నడవండి. ఆఖరి ప్లాటు దగ్గర అది ఆగిపోతే ఆ కాలనీకి డ్రైనేజీ లేనట్టే.

అపోహ: "బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయువ్యంలో. అంతా వాస్తు ప్రకారం ఉంది, ఇంకేం భయం?"

వాస్తవం: వాస్తు మీ నమ్మకం, దాన్ని నేను కాదనను. కానీ కొలతలు కూడా చూసుకోవాలి. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకూ తాగునీటి బావికీ మధ్య 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని ఐఎస్ 2470 చెబుతుంది. మన దగ్గర మామూలు ప్లాటు 30x60 అడుగులు, 25 అంకణాలు. ఉత్తరం వైపు కొలత 30 అడుగులైతే బోరుకూ గుంతకూ మధ్య ఆ 60 అడుగుల్లో సగం దూరం కూడా దొరకదు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మీ వాయువ్య మూల మీ పడమటి పక్కింటివాళ్ల ఈశాన్య మూలకు ఆనుకుని ఉంటుంది. వీధిలో అందరూ ఇదే పద్ధతిలో కడితే, మీ సెప్టిక్ గోడ అవతలే వాళ్ల బోరు, మీ బోరు గోడ అవతలే తూర్పు పక్కింటివాళ్ల సెప్టిక్. నీటిమట్టం పైకొచ్చే వానాకాలంలో ఇది జబ్బులకు దారి. గుంతను వీలైనంత దూరం జరపండి. ట్యాంకు నీళ్లు కారకుండా కట్టించండి. బోరు కేసింగ్ చుట్టూ పై భాగాన్ని సిమెంటుతో మూయించండి. భూగర్భ డ్రైనేజీ వచ్చిన వీధి అయితే ముందు ఆ కనెక్షన్ తీసుకోండి. ఈ విషయం పక్కింటివాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాలి, ఒక్కరు పాటిస్తే సగమే ప్రయోజనం. బోరు నీళ్లు తాగేవాళ్లు ఏడాదికోసారైనా పరీక్ష చేయించండి.

అపోహ: "పిల్లర్లకు కడ్డీలు వదిలాం, పిల్లవాడు ఎదిగాక పైన ఇంకో అంతస్తు వేసుకుంటాం."

వాస్తవం: పై అంతస్తు మోసేది కడ్డీ కాదు, ఫుటింగ్. రెండంతస్తుల లెక్కకు వేసిన ఫుటింగ్ మీద మూడోది పడితే కింద నేల ఒప్పుకోవాలి. ముందే మూడంతస్తులకు డిజైన్ చేయించి, ఆ డ్రాయింగులు భద్రంగా దాచుకుంటే ఇబ్బంది లేదు. పైన వదిలిన కడ్డీలు సముద్రపు గాలికి తుప్పు పట్టి సన్నబడతాయి. వాటికి పలుచటి కాంక్రీటు కప్పి ఉంచాలి.

"మనకు భూకంపాలు రావు" అన్న మాట కూడా ఇక్కడే వస్తుంది. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2016 నాటి భూకంప కోడ్ ప్రకారం నెల్లూరు మూడో జోన్, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్న ప్రాంతం. అహ్మదాబాద్ కూడా మూడో జోనే. 2001లో 200 కిలోమీటర్లకు పైగా దూరంలో భుజ్ వైపు భూమి కంపిస్తే అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద గోడల్లేని పార్కింగే ఉంది. ఇప్పుడు మన దగ్గర ప్రతి కొత్త అపార్టుమెంటూ అలాగే కడుతున్నారు. పార్కింగ్ ఉండొద్దని కాదు, ఆ అంతస్తు పిల్లర్లను, అవసరమైన చోట కాంక్రీటు గోడలను ప్రత్యేకంగా లెక్కగట్టాలి. పిల్లర్ నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగు కొక్కెం లోపలికి 135 డిగ్రీలు వంగాలి. 90 డిగ్రీల దగ్గర వదిలేస్తే ఊపుకు రింగు విచ్చుకుంటుంది. కాంక్రీటు పోశాక ఇది ఎవరికీ కనిపించదు, కాబట్టి పోయకముందే వెళ్లి చూడండి.

కాంక్రీటు గురించి చిన్న చిన్నవి

53 గ్రేడ్ సిమెంటు అంటే ఇల్లు ఎక్కువ కాలం నిలుస్తుందని కాదు. అది సిమెంటు 28 రోజుల బలానికి పెట్టిన అంకె. మైపాడు వైపు, కొత్తపట్నం వైపు ఉప్పు గాలి తగిలే చోట పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు), స్లాగ్ సిమెంటు (ఉక్కు కర్మాగారాల చిట్టెం కలిపినది) కడ్డీలను మెరుగ్గా కాపాడతాయి. వాటికి నీళ్లు మాత్రం ఎక్కువ రోజులు పట్టాలి, 14 రోజులు పెట్టుకోండి. ఉప్పు బోరు నీళ్లతో స్లాబు వేయొద్దు. లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటి క్లోరైడ్ ఉన్న నీళ్లు కడ్డీ వేసే కాంక్రీటుకు పనికిరావు. మాలు జారుగా ఉండాలని నీళ్లు పోయించకండి. బస్తాకు సుమారు 25 లీటర్లు చాలు, ఇసుకలోని తడితో కలిపి. పని జరగడం కష్టమైతే నీళ్లు పెంచకుండానే మాలును జారుగా చేసే అడ్మిక్చర్ (రసాయనం) వాడాలి. మేడ మీద రేకుల షెడ్డు వేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: నెల్లూరుకు కోడ్ ప్రకారం లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. నాలుగు బోల్టులతో బిగించిన షెడ్డు తుపానుకు నిలవదు.

అపోహ: "రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ కూడా ఇచ్చింది. అంటే అంతా సరిగ్గా ఉన్నట్టే."

వాస్తవం: రిజిస్ట్రేషన్ జరిగిందంటే లావాదేవీ నమోదైందని అర్థం. అమ్మినవాళ్లకు హక్కు ఉందని అది రుజువు చేయదు. బ్యాంకు ముఖ్యంగా కాగితాలు, విలువ చూసుకుంటుంది, మీ ఫుటింగ్ లోతు కొలవదు. "పంచాయతీ అప్రూవల్" అని చెప్పి అమ్మే లేఅవుట్‌ను నమ్మకండి. 2017లో నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చింది, దాని పరిధిలోని పంచాయతీల్లో లేఅవుట్‌కు నుడా అనుమతి ఉండాలి. చెరువు పోరంబోకు, అసైన్డ్ భూమి లాంటివి రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటాయి, సర్వే నంబరుతో సరిచూసుకోండి.

అపార్టుమెంటు కొనేవాళ్లకు రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం తోడుంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే, మీరు తెలియజేసిన 30 రోజుల్లో బిల్డర్ పైసా తీసుకోకుండా సరిచేయాలి. అందుకని పగులు కనిపించిన రోజే తేదీ పడేలా ఫోటో తీసి, ఫోన్లో చెప్పి వదిలేయకుండా కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.