రెండు రేవుల కానాగంతలు, 21 కొలతలు

కళింగపట్నం రేవులో కానాగంతలు బేరమాడుతుంటే, చేపలమ్మే ఆవిడ బుట్టలోంచి రెండు తీసి పక్కపక్కన పెట్టింది. "ఇది మన రేవుది కాదమ్మా, ఒళ్ళు చూడు, ఎలా సాగిపోయుందో" అంది. నా చేతికి రెండూ ఒకే బరువు. ఆమె కంటికి ఆనిన తేడాను లెక్కల్లో పట్టుకోవడం ఎలాగన్నదే ఇంటికొచ్చేదాకా నా ఆలోచన.

ఈ చేప శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానగుర్తా. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో చేపలు సేకరించి, ఇక్కడివాళ్ళు పిలిచే పేర్లతోనే 1803లో పుస్తకం అచ్చువేశాడు. అందులోని 'కానగుర్తా' అన్న మన మాటే ప్రపంచమంతా వాడుకలోకి వెళ్ళింది.

ఒక చేప పొడవు 20 సెంటీమీటర్లు, ఎత్తు 5 అనుకుందాం. ఇంకోటి 24, 6. రెండోది పెద్దదే కానీ ఆకారం అదే. అందుకే ముందు సైజును పక్కన పెట్టాలి. పొడవుతో భాగిస్తే చాలదా అంటే, చాలదు. పసిపిల్లల తల ఒళ్ళుతో పోలిస్తే పెద్దదిగా ఉన్నట్టే, చేపల్లోనూ పెరిగేకొద్దీ నిష్పత్తులు మారతాయి. ఒక రేవులో పిల్ల చేపలు, ఇంకో రేవులో ముదురువి కొలిస్తే వయసు తేడానే రేవుల తేడా అనుకుంటాం. అందుకని కొలతల లాగరిథమ్‌లు తీసి, పొడవుతో పాటు ఒక్కో కొలత ఎంత పెరుగుతోందో చూసి, ఆ పెరుగుదల వాటాను తీసేస్తారు.

ఇక ఏం కొలవాలి? పాత పద్ధతిలో చాలా కొలతలు మూతి నుంచి తోక వైపే సాగేవి. చేప ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ సన్నబడిందో వాటిలో సరిగ్గా దొరికేది కాదు. 1982లో స్ట్రాస్, బుక్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఒక దారి చూపారు. మూతి కొస, తల వెనక భాగం, వీపు రెక్క మొదలు, పొట్ట కింది రెక్క మొదలు, తోక మొదట్లో పైనా కిందా... ఇలా చేప అంచు వెంబడి 10 గుర్తులు పెట్టుకుంటారు. వాటిని నాలుగు గళ్ళుగా కలిపి, ఒక్కో గడిలో నాలుగు పక్కలూ, రెండు ఏటవాలు గీతలూ కొలుస్తారు. పక్కపక్క గళ్ళకు ఉమ్మడిగా ఉన్న గీతలు ఒక్కసారే లెక్క కాబట్టి మొత్తం 21 దూరాలు. పెంకుటింటికి దూలాలు, వాసాలు బిగించినట్టు చేప ఒళ్ళంతా కొలతల్లో బిగుసుకుంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు దీని తర్వాతది. రెండు రేవుల సగటు ఎత్తుల్లో 2 మిల్లీమీటర్ల తేడా వచ్చిందనుకోండి. అది ఎక్కువా, తక్కువా? ఒకే రేవు చేపల్లో అటూ ఇటూ 1 మిల్లీమీటరే తేడా ఉంటే 2 పెద్ద మాటే. అక్కడే 5 తేడా ఉంటే ఈ 2 మిల్లీమీటర్లూ దాంట్లో కలిసిపోతాయి. పైగా ఒకదానితో ఒకటి పెరిగే రెండు కొలతలు ఒకే సంగతిని రెండుసార్లు చెబుతాయి, దాన్ని రెండు సాక్ష్యాలుగా లెక్కపెట్టకూడదు. ఈ రెండు చిక్కుల్నీ ఒకేసారి విప్పి, రెండు గుంపుల తేడాను ఒకే అంకెలో చెప్పే 'దూరం' అనే లెక్కను గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1936లో ఇచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, సూడాన్‌లో తవ్వి తీసిన పాత అస్థిపంజరాల కొలతలను ఇలాంటి పద్ధతులతోనే విశ్లేషించారు. మనుషుల ఎముకల కోసం పదును పెట్టిన లెక్క కానాగంతకూ అంతే బాగా పనిచేస్తుంది.

లెక్క ఎంత గట్టిదైనా, చేపను సరిగ్గా పట్టుకోకపోతే మోసపోతాం. ఐసులో వంగిపోయిన చేపను కొలతల కోసం అలాగే ఫోటో తీస్తే వంపు కూడా ఆకారంలో కలిసిపోతుంది. గుడ్లతో ఉన్న చేపకు పొట్ట జారి ఎత్తు పెరుగుతుంది. అందుకే రెండు రేవుల నుంచీ ఒకే కాలంలో, ఆడా మగా వేరు చేసి తీసుకోవాలి. ఇంత చేశాక తేడా నిలిచినా, అది తిండి వల్లో నీటి వల్లో వచ్చి ఉండొచ్చు. రెండూ వేరు వేరు గుంపులని తేల్చాలంటే డీఎన్ఏ కూడా చూడాలి.

అది తేలడం శ్రీకాకుళం తీరంలోని భావనపాడు వేటగాళ్ళకు చాలా అవసరం. తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఒక్కటే. కలవని రెండు గుంపులుండి, వాటిలో ఒకటి వేరే నెలల్లో గుడ్లు పెడుతుంటే, ఆ 61 రోజులు వలలు ఒడ్డున ఉన్నా దానికి కాపుదల దొరకదు.