ప్రాసెసర్ వేడి: చిప్ కొలిచింది ఒకటి, మనకు కనిపించేది ఒకటి

ప్రాసెసర్ 52 డిగ్రీలు ఉందని కంప్యూటర్ చూపిస్తే మారు మాట లేకుండా నమ్మేస్తాం. కానీ లోపలి సెన్సర్ చిప్‌కి డిగ్రీల సంగతి తెలియకపోవచ్చు. అది ఇచ్చేది కొన్ని బిట్లు, అంతే. వాటికి అర్థం చెప్పి డిగ్రీలుగా మార్చేది డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం. అది రాసినవాళ్లకు ఆ చిప్ గురించి ఎంత బాగా తెలిస్తే, మనం చూసే అంకె అంత నిజం అవుతుంది.

కొలత వెనక ఉన్న భౌతికశాస్త్రం సులువుగానే అర్థమవుతుంది. సిలికాన్ డయోడ్‌లోకి స్థిరంగా కరెంటు పంపిస్తే, వేడి ఒక డిగ్రీ పెరిగినప్పుడల్లా దాని మీది వోల్టేజీ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అయితే ఏ రెండు డయోడ్లూ అచ్చం ఒకేలా తయారుకావు. అందుకే చాలా చిప్‌లు ఒకే డయోడ్‌లోకి రెండు వేర్వేరు కరెంట్లు పంపి, వచ్చిన రెండు వోల్టేజీల తేడాను చూస్తాయి. పరమ ఉష్ణోగ్రత (అత్యంత చల్లని స్థితిని సున్నాగా పెట్టి లెక్కించే వేడి) ఎంత పెరిగితే ఆ తేడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. తయారీలో వచ్చే హెచ్చుతగ్గులు చాలావరకు లెక్కలోనే కొట్టుకుపోతాయి.

అసలు చిక్కులు ఇక్కడి నుంచి మొదలవుతాయి. నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ తెచ్చిన ఎల్ఎమ్75 అనే ఎనిమిది కాళ్ల చిప్‌నే తీసుకుందాం. ఇది 9 బిట్లలో, అర డిగ్రీ తేడాతో వేడిని చెబుతుంది. మాట్లాడేది ఐ2సి పద్ధతిలో. 1982లో ఫిలిప్స్ రూపొందించిన ఈ పద్ధతికి రెండే తీగలు చాలు. చిప్ మీద అడ్రస్ కోసం మూడు కాళ్లు ఉంటాయి కాబట్టి 72 నుంచి 79 వరకు ఎనిమిది అడ్రస్‌లు కుదురుతాయి, అంటే ఒకే తీగల మీద ఎనిమిది చిప్‌లు పెట్టుకోవచ్చు.

ఎల్ఎమ్75 తన కొలతను రెండు బైట్లుగా పంపుతుంది. పూర్తి డిగ్రీలున్న పెద్ద బైట్ ముందు, అర డిగ్రీ ఉన్న చిన్న బైట్ తర్వాత. కానీ మదర్‌బోర్డులు వాడే, ఐ2సి లాంటిదే అయిన ఎస్ఎమ్‌బస్ పద్ధతి నియమం ప్రకారం చిన్న బైట్ ముందు రావాలి. అందుకని డ్రైవర్ ఆ రెండింటినీ తారుమారు చేసి చదువుకోవాలి. ఆ ఒక్క పని మరిచిపోతే 25 డిగ్రీలు కాస్తా 0 అవుతుంది. 25.5 డిగ్రీలైతే ఏకంగా మైనస్ 128! చిప్ బాగుంది, తీగలు బాగున్నాయి, కొలత కూడా సరైనదే. చదవడంలోనే తప్పు.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ డ్రైవర్లన్నీ కలిసి ఉండే విభాగం పేరు హెచ్‌డబ్ల్యుమాన్. ఇక్కడ వేడిని మిల్లీడిగ్రీల్లో, పూర్ణాంకంగా చెబుతారు, ఎందుకంటే కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ ప్రధాన భాగం) లోపల మామూలుగా దశాంశాల లెక్కలు చెయ్యరు. 25.5 అనేది 25500గా బయటికి వస్తుంది. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది. ఏ కంపెనీ చిప్ అయినా, లోపల ఎంత గజిబిజి ఉన్నా, బయట ఒకే ఒక్క కొలమానం.

ఇంటెల్ ప్రాసెసర్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాటి లోపలి సెన్సర్ వేడి ఎంతో చెప్పదు, గరిష్ఠ హద్దుకు ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెబుతుంది. 'విజయవాడ 40 కి.మీ.' అన్న రాయి చూసి మనం ఎంత దూరం వచ్చామో చెప్పాలంటే మొత్తం దూరం తెలిసి ఉండాలి కదా. ఇక్కడా అంతే. హద్దు 100 అయి, దూరం 40 అయితే వేడి 60 డిగ్రీలు. హద్దు 85 అయితే అదే దూరానికి 45 డిగ్రీలే. కొత్త ప్రాసెసర్లు తమ హద్దును ఒక రిజిస్టర్‌లో (చిప్ లోపల అంకెలు దాచే చిన్న గడిలో) రాసి ఉంచుతాయి. పాతవాటిలో అది లేదు. అందుకే కోర్‌టెంప్ అనే డ్రైవర్ మోడల్‌ని బట్టి ఆ హద్దును ఊహించాల్సి వచ్చింది. పైగా ఈ సెన్సర్లు హద్దుకు దగ్గరలో ఉన్నప్పుడే బాగా పనిచేస్తాయి, చల్లగా ఉన్నప్పుడు గురి తప్పుతాయి. మే నెలలో గది 38 డిగ్రీలుంటే, మామూలు ఫ్యాన్‌తో నడిచే ప్రాసెసర్ 30 డిగ్రీలు చూపిస్తోందంటే ఆ అంకెను నమ్మకూడదు. గాలితో చల్లబడే వస్తువు ఆ గాలి కంటే చల్లగా ఉండలేదు.

ప్రాసెసర్లు చేసే మరో కంపెనీ ఏఎమ్‌డీ దారి వేరు. 2017లో వచ్చిన రైజెన్ 1700ఎక్స్, 1800ఎక్స్ ప్రాసెసర్లు అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెబుతాయి. వేర్వేరు మోడళ్లలో ఫ్యాన్ వేగాన్ని ఒకే తీరుగా నడిపించడానికి కంపెనీ కావాలనే చేసిన ఏర్పాటు అది. తెలియనివాళ్లకు ఊరికే టెన్షన్. అందుకే కె10టెంప్ డ్రైవర్‌లో ఏ మోడల్‌కి ఎంత తీసివేయాలో ఒక పట్టికే రాసిపెట్టారు.

చిప్‌ను గుర్తించడం మరో కష్టం. 'నేను ఎల్ఎమ్75ని' అని చెప్పే రిజిస్టర్ ఆ చిప్‌లో లేదు. వాడని బిట్లు సున్నాగా ఉన్నాయా లేదా వంటి ఆనవాళ్లతో డ్రైవర్ పోల్చుకోవాలి. ఇలా తడిమి చూడడం ప్రమాదం కూడా. కొన్ని ఐబీఎమ్ థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో అవే తీగల మీద మెషీన్ వివరాలు దాచుకునే మెమరీ చిప్ ఒకటి ఉండేది. సెన్సర్ల కోసం వెతికే ప్రోగ్రాం దాన్ని కదిపితే అందులోని వివరాలు చెడిపోయి, ల్యాప్‌టాప్ మళ్లీ ఆన్ అయ్యేది కాదు. ఆ తర్వాత లినక్స్‌లో ఆ తీగలను నడిపే ఒక డ్రైవర్‌కి కొత్త జాగ్రత్త చేర్చారు: మెషీన్ ఐబీఎమ్‌దని తెలిస్తే, హెచ్చరిక రాసి, లోడ్ కావడానికి నిరాకరిస్తుంది.

కె10టెంప్ కూడా ఒక చోట అలాగే ఆగిపోతుంది. సాకెట్ ఎఫ్, ఏఎమ్2+ (ప్రాసెసర్‌ను మదర్‌బోర్డ్‌లో అమర్చే గూళ్ల రకాలు) కాలపు కొన్ని ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో లోపలి సెన్సర్ కొలత నమ్మదగినది కాదని కంపెనీయే 319వ లోపంగా ప్రకటించింది. వాడేవాళ్లు బలవంతపెడితే తప్ప ఆ ప్రాసెసర్ల మీద ఈ డ్రైవర్ ఏ అంకే చూపించదు. అక్కడ మదర్‌బోర్డ్ మీద విడిగా ఉండే సెన్సర్ కొలతనే చూసుకోవాలి.