ఘాట్ దిగే బస్సులు: అపోహలు - వాస్తవాలు

19 ఏళ్లుగా బెంగళూరు కలాసిపాళ్యంలో బస్సుల బ్రేకుల పని చేస్తున్నాను. చిత్తూరు, తిరుపతి, మదనపల్లె బళ్లే ఎక్కువ. శుక్రవారం సాయంత్రం సంచులతో నిలబడ్డ మనవాళ్ల మాటలు చెవిన పడుతుంటాయి. వాటిలో కొన్ని ప్రాణం మీదికి తెచ్చేవి.

అపోహ: "ఘాట్‌లో ఉన్నట్టుండి బ్రేకులు ఫెయిలయ్యాయి."

ఉన్నట్టుండి ఏమీ జరగదు. పెద్ద బస్సులకు ఉండేవి గాలి బ్రేకులు. గాలి పూర్తిగా పోతే వెనక చక్రాలను స్ప్రింగులే పట్టేస్తాయి, బండి కదలదు. చిత్తూరు దారిలోని మొగిలి ఘాట్ లాంటి చోట ముప్పు వేడితో వస్తుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని పాత డ్రైవర్లు నేర్పేవారు. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఆలస్యమైందని టాప్ గేరులో దిగితే భారమంతా పెడలు మీదే. చక్రంతో పాటు తిరిగే బ్రేకు డ్రమ్ము కాగి సాగుతుంది, దాన్ని లోపలి నుంచి ఒత్తిపట్టే లైనరు పట్టు తప్పుతుంది, ఎంత తొక్కినా బండి ఆగదు.

కిందటి నెల ఒక బండి చక్రం విప్పాను. డ్రమ్ము నీలంగా మారింది, గోరు తట్టేంత పగుళ్లు. లైనరు అద్దంలా మెరుస్తోంది. "కొంచెం మెత్తగా పడుతోంది" అన్నాడు డ్రైవరన్న, అంతే. ఆ బండిలో రాత్రంతా 40 మంది నిద్రపోతూ వచ్చారు. నాకు కాళ్లు వణికాయి. ఓనరు లైనర్లు మార్చి డ్రమ్ము అలాగే ఉంచమన్నాడు. నేను ఒప్పుకోలేదు.

దిగుడులో కాలిన వాసన వస్తే మొహమాటపడకండి. లేచి వెళ్లి "అన్నా, వాసనొస్తోంది, ఆపండి" అనండి. బండి ఆపి డ్రమ్ము చల్లారనివ్వాలి. నీళ్లు పోస్తే పగులుతుంది.

అపోహ: "ఇంకో పదిమంది ఎక్కితే ఏమవుతుంది?"

పదిమందంటే సుమారు 600 కిలోలు. దిగుడులో ఆ బరువూ బ్రేకులే మోయాలి. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో లోయలో పడిన బస్సు కిక్కిరిసి ఉంది. 60 మందికి పైగా పోయారు.

అపోహ: "రోడ్డు బాగుంటే భయం లేదు."

గుంతలు టైర్లను, కమాన్ కట్టలను తినేస్తాయి, నిజమే. మంచి రోడ్డు వేగాన్ని పెంచుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకులు ఆపాల్సిన శక్తి నాలుగింతలు. 2013 అక్టోబర్ 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర 45 మంది కాలిపోయింది సాఫీ హైవే మీదే, మన బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సులోనే. ఎక్కగానే ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో, సుత్తి ఉందో లేదో చూసుకోండి. కిటికీ అద్దాన్ని మూలన కొట్టాలి.

అపోహ: "చివరి సీటైతే కాళ్లు చాపుకోవచ్చు."

వెనక చక్రాలు దాటిన భాగం గుంత గుంతకీ ఎగిరిపడుతుంది, నడుం విరుగుతుంది. మా అమ్మను ఊరికి పంపేటప్పుడు నేను అడిగేది నాలుగో వరసే.