లాకుల గురించి అడిగిన పిల్లలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

గోదావరి మీద ధవళేశ్వరంలో, పడవలను ఎక్కించి దించే లాకుల దగ్గర మీరు తీసిన ఫోటో చూశాను. మన సాగర్ ఎడమ కాలువకు హాలియాలో గానీ వేములపల్లిలో గానీ అలాంటి జంట తలుపులు ఎందుకు లేవని అడిగారు. భలే ప్రశ్న!

1967లో మన కాలువకు నీళ్లు వదిలింది పొలాల కోసం. కాలువకు అడ్డంగా షట్టర్లతో కట్టిన రెగ్యులేటరు నీటిమట్టాన్ని నిలబెట్టి, పొలాలకు నీళ్లిచ్చే తూములకు అందిస్తుంది. షట్టరు కింద నీరు దూసుకుపోతుంది, అక్కడ పడవకు దారి ఉండదు. గోదావరి కాలువల సంగతి వేరు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట పూర్తి చేయించాక, ఆ కాలువలు పైరుకూ పడవలకూ రెండింటికీ పనికొచ్చాయి.

కానీ నేల సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఆ వాలుకు కాలువను వదిలేస్తే నీటి వడికి పడవ ఎదురెక్కలేదు. అందుకే కాలువను మెట్లుగా మలిచి, మెట్టు దగ్గర లాకు కట్టారు. రెండు జతల తలుపుల మధ్య గోడలు కట్టిన పెద్ద తొట్టి అది. దిగువ నుంచి పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, ఎగువ వైపు చిన్న తూములు తెరుస్తారు. నీరు నిండుతుంటే పడవ దానంతటదే లేస్తుంది. రెండు వైపులా మట్టం సమానమయ్యాకే ముందు తలుపులు తెరుచుకుంటాయి. మోటారు అక్కర్లేదు!

మీ ఫోటోలో మూసిన తలుపులు తిన్నగా లేవు, గమనించారా? రెండు రెక్కలూ ఎగువ వైపు కోణంగా పొడుచుకొచ్చి కలిశాయి. ఎగువ నీరు ఎంత బలంగా నెడితే అవి అంత గట్టిగా బిగుసుకుంటాయి. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ ఉపాయమే.

ఒకప్పుడు కాకినాడలో బయలుదేరిన పడవ కాలువల మీదుగా మద్రాసు దాకా వెళ్లగలిగేది. రైళ్లు, లారీలు వచ్చి ఆ రవాణా తగ్గిపోయింది. అంత బరువును అంత తేలిగ్గా మోసే దారిని వదులుకోవడం నాకు బాధగానే ఉంటుంది.

దసరాకు వచ్చినప్పుడు మన రెగ్యులేటరు చూపిస్తాను. వంతెన మీద నుంచే చూద్దాం. మీరుగా ఎప్పుడూ గట్టు దిగకండి. కాలువ లోపలి వాలుకు వేసిన లైనింగు నాచు పట్టి జారుతుంది, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఈత వచ్చినవాళ్లు కూడా పైకి రాలేక మునిగిపోతారు. చెల్లికి కూడా ఈ మాట చెప్పండి.

మీ తాతయ్య,
మిర్యాలగూడ