చిప్పలో కనిపించే వెండి

ఆల్చిప్పను పైనుంచి చూస్తే గరుకుగా, మాసిపోయిన రంగులో ఉంటుంది. వంగి ఏరుకోబుద్ధి కూడా కాదు. తిరగేస్తే వెండి! కాస్త అటూ ఇటూ వంచితే ఆ వెండి మీద గులాబీ, ఆకుపచ్చ, లేత నీలం పరుగులు తీస్తాయి. అదే ముక్కను మెత్తగా నూరితే మిగిలేది తెల్లటి పొడి. మరి ఆ రంగులన్నీ ఎక్కడికి పోయినట్టు?

ఉన్నదాన్ని ఇంకొకటిగా పొరబడటమంటే ఏమిటో చెప్పడానికి ఆదిశంకరులు ఎంచుకున్న ఉదాహరణ ఈ చిప్పే. చిప్పను చూసి వెండి అనుకోవడాన్ని వేదాంతులు శుక్తి-రజతం అంటారు. తాడును చూసి పాము అనుకోవడం గురించి అందరూ చెబుతారు కానీ, నాకు చిప్ప ఉదాహరణే ఎక్కువ ఇష్టం. ఎందుకంటే తాడని తెలిశాక పాము మాయమవుతుంది. చిప్పని తెలిశాక కూడా వెండి మెరుస్తూనే ఉంటుంది.

1814లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ ఈ మెరుపును కొలుద్దామని ఒక చిప్ప ముక్కను తేనెమైనం కలిపిన జిగురుతో తన పరికరానికి అతికించాడు. పని అయ్యాక ముక్కను ఊడదీశాడు. చూస్తే జిగురు మీద కూడా అవే రంగులు! చిప్ప నుంచి పదార్థమేమీ అంటుకోలేదు, దాని ఉపరితలం మీదున్న సన్నటి గీతల అచ్చు మాత్రమే పడింది. రంగు అంటే పూత అనుకునే కంటికి ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు.

ఆ గీతలతోనే కథ అయిపోలేదు. ఈ మెరుపు పొరను నేకర్ అంటారు. అందులో సుమారు 95 శాతం కాల్షియం కార్బొనేటే. సుద్దలో, సున్నపురాయిలో ఉండేదీ అదే. కాకపోతే ఇక్కడ అది ఆరగొనైట్ అనే స్ఫటిక రూపంలో, పలకలు పలకలుగా, ఇటుక గోడ పేర్చినట్టు ఉంటుంది. ఒక్కో పలక మందం సుమారు అర మైక్రాన్. ఒక వెంట్రుక మందంలో వంద వరుసలకు పైనే పడతాయి. మనకు కనిపించే కాంతి తరంగాల పొడవు కూడా ఇంచుమించు ఆ కొలతలోనే ఉండటంతో, ఒక్కో వరుస నుంచి తిరిగొచ్చే వెలుగు పక్క వరుస వెలుగుతో కలిసి ఒక రంగును పెంచుతుంది, ఇంకో రంగును చంపేస్తుంది. చూసే కోణం మారితే లెక్క మారి, రంగూ మారుతుంది. నూరినప్పుడు పోయింది ఈ పేర్పే.

పలకల మధ్య ప్రోటీన్లు, కైటిన్ (పురుగుల, పీతల పెంకుల్లో ఉండే పదార్థం) కలిసిన పల్చటి పొర సిమెంటులా ఉంటుంది. పగులు వచ్చినా తిన్నగా దూసుకుపోలేదు, ప్రతి పలక చుట్టూ తిరుగుతూ అలసిపోతుంది. అందుకే నేకర్‌ను విరగ్గొట్టడానికి పట్టే శక్తి, ఒట్టి ఆరగొనైట్‌కు పట్టేదానికి దాదాపు 3,000 రెట్లని లెక్కగట్టారు. మెత్తటి ఒళ్లున్న ఆ జీవి ఈ గోడను ఏ కొలిమీ లేకుండా, సముద్రపు నీటి చల్లదనంలోనే కడుతుంది. నాకు రంగుల కన్నా ఇదే పెద్ద అద్భుతం.

పనివాళ్లు మాత్రం రంగుల వెంటే పడ్డారు. జపాన్‌లోని నారాలో, షోసోయిన్ భాండాగారంలో ఎనిమిదో శతాబ్దపు అయిదు తంత్రుల వీణలాంటి వాయిద్యం ఒకటుంది. దాని మీద ఒంటె ఎక్కి వాయిద్యం వాయిస్తున్న మనిషి బొమ్మను చిప్ప ముక్కలతో పొదిగారు. కొరియా కళాకారులు చిప్పను కాగితంలా పల్చగా అరగదీసి, దారాల్లాంటి పేలికలుగా కోసి, కత్తిమొనతో తుంపుతూ లక్క పెట్టెల మీద ఒక్కొక్కటే అతికిస్తారు. ఫతేపూర్ సిక్రీలో సలీం చిష్తీ సమాధి మీదున్న చెక్క మంటపమంతా చిప్ప ముక్కలే. న్యూజిలాండ్ మావోరీలు చెక్క విగ్రహాలకు కళ్లుగా పావా అనే సముద్రపు నత్త చిప్పను పెడతారు. వెలుగు కదిలినప్పుడల్లా ఆ చూపూ కదులుతుంది.

ఇక జానపదుల మాట. స్వాతి కార్తెలో పడిన వానచుక్క చిప్ప నోట్లో చేరితే ముత్యమవుతుందని మనవాళ్లు చెప్పారు. రోమన్ రచయిత ప్లినీ వానకు బదులు మంచు బిందువన్నాడు. నిజానికి పరాన్నజీవో, గాయమో లోపల ఇబ్బంది పెడితే చిప్ప జీవి దాని చుట్టూ ఇదే నేకర్‌ను పొరలు పొరలుగా చుట్టేస్తుంది. అదే ముత్యం. అయినా ఆ కథను తప్పని కొట్టిపారేయడానికి మనసొప్పదు. మామూలు నీటిబొట్టుకు చేరిన చోటును బట్టే విలువ వచ్చిందని కదా అది చెబుతోంది! సుద్ద విషయంలో జరిగిందీ అదే.

ఈ మెరుపు చివరికి చొక్కాలకు చేరింది. జర్మనీ నుంచి వచ్చిన జాన్ బెప్లే అమెరికాలోని మస్కటీన్‌లో 1891లో గుండీల పని మొదలుపెట్టాడు. మిసిసిపీ నది ఆల్చిప్పలే ముడిసరుకు. 1905 నాటికి ఆ ఊరు ఏడాదికి 150 కోట్ల గుండీలు చేసింది. చిప్పల గుట్టలు నది ఒడ్డున గుండ్రటి చిల్లులతో మిగిలిపోయాయి. నదిలో దిగినప్పుడు కాలికి చిప్ప కోసుకుని, ఆ పుండు ముదిరి బెప్లే 1912లో చనిపోయాడు. నదిలో ఆల్చిప్పలు తరిగిపోయాయి, తర్వాత ప్లాస్టిక్ వచ్చి ఆ పనినే మింగేసింది.

పాత చొక్కా ఏదైనా దొరికితే దాని గుండీని పెదవికి తాకించి చూడండి. చల్లగా తగిలితే అది చాలావరకు చిప్పే. ప్లాస్టిక్ అంత చల్లగా ఉండదు.